వంకర కుట్ల బొంతలు

కొత్తగా బడుల్లో పంతుళ్ళుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. మీసాలొచ్చినా, పెళ్ళిళ్ళయినా నాకు వాళ్ళు పిల్లలే. చాయ్ తాగి, కాసేపు అదీ ఇదీ మాట్లాడి, చివరికి అడుగుతారు: "అమ్మా, ఇన్నేండ్ల నౌకరిల మీరు నేర్చుకున్నదేంది?" నేను ఏ మెట్టు ఎప్పుడు ఎక్కానో, నా బదిలీని ఎవరు ఆపారో చెబుతానని వాళ్ళ ఆశ. అవి నాకు గుర్తు లేవు. గుర్తున్నా చెప్పను, వినేవాళ్ళకు ఆవులింతలు వస్తాయి. నాకు గుర్తున్నది సూదులు, పోగులు, ముక్కు ఎగబీల్చుకుంటూ బొంతలు కుట్టిన పిల్లలు. ఆ సంగతే చెబుతాను, వినండి.

ఈ మధ్య ప్రతి బడిలోనూ సమాజ సేవ అని ఒక గంట పెట్టారు. మంచిదే. కానీ నేను చూసినంతలో ఫొటోలు తీసేవాడు వస్తున్నాడంటే పిల్లల చేతికి చీపుర్లు ఇస్తారు, వాడు వెళ్ళిపోగానే చీపుర్లు మూలకు పోతాయి. పిల్లలు అంత తెలివితక్కువ వాళ్ళు కాదు నాయనా. ఏది ఉత్తుత్తి పనో, ఏది నిజంగా ఒకరికి కావలసిన పనో మనకంటే ముందే వాళ్ళకు తెలిసిపోతుంది.

మా పెద్దసారు

ముందు నా సంగతి రెండు ముక్కల్లో. ఊహ తెలియకముందే నాకు పెళ్ళి చేశారు, ఊహ తెలిసీ తెలియని వయసులోనే ఆయన పోయాడు. మా నాయన మొండి మనిషి. "నా బిడ్డను మూలకు కూసోపెట్ట, సదివిస్త" అని చుట్టాల నోళ్ళు మూయించి, హైదరాబాదులో మా మేనత్త దగ్గర ఉంచి చదివించాడు. ఆ మొండితనమే నాకూ వచ్చింది. నా మొదటి బడి రామన్నపేటకు దగ్గర్లోని ఒక ఊళ్ళో. సగం ఊరు మగ్గాలది, సగం ఊరు నాగళ్ళది.

అక్కడ మా పెద్దసారు పేరు వెంకటనర్సయ్య గారు. మంచి మనిషి, పిరికి మనిషి. నిజాం సర్కారు ఉన్నన్నాళ్ళు ఆ సర్కారుకు భయపడ్డాడు. పోలీసు చర్య జరిగి పటాలాలు దిగాక పటాలాలకు భయపడ్డాడు. అడవుల్లో తిరిగే దళాలకైతే రెండు కాలాల్లోనూ భయపడ్డాడు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఒక్కటే. పై అధికారి భయస్థుడైతే ఆయనను అడగకండి, చెప్పండి. అడిగితే "వద్దు" అంటాడు. చెబితే "అయ్యో" అంటాడు. "అయ్యో" అన్నంత మాత్రాన ఏ పనీ ఆగదు.

నేను చెప్పేది పోలీసు చర్య జరిగిన ఏడాది చలికాలం. ఊరి బయట పాత సరాయి ఒకటి ఉండేది. ఒకప్పుడు బాటసారులు పడుకునేవాళ్ళు. ఆ ఏడు అందులో ఇళ్ళు పోగొట్టుకున్న వాళ్ళు చేరారు. రజాకార్లు ఇళ్ళు తగలబెడితే వచ్చిన రైతు కుటుంబాలు ముందు వచ్చాయి. పోలీసు చర్య తర్వాత తమ ఊళ్ళల్లో ఉండలేక పారిపోయి వచ్చిన ముసల్మాను ఆడవాళ్ళు, పిల్లలు ఆ తర్వాత వచ్చారు. ఒకే కప్పు కింద ఈ మూల వీళ్ళు, ఆ మూల వాళ్ళు. మధ్యలో ఒక్కటే పొయ్యి.

మొగపిల్లలు సూది పడతారా?

నాకు అప్పగించిన వాటిలో చేతిపని గంట ఒకటి. అందరి చేత తకిలి మీద నూలు వడికించాలి. మగ్గాల ఇళ్ళ పిల్లలకు అది శిక్షలా ఉండేది. వాళ్ళలో సత్తెమ్మ అని ఒక పిల్ల. నోరు తెరిస్తే మూయదు. ఒకనాడు తకిలి నా ముందు పెట్టి నిలదీసింది.

"పంతులమ్మా, ఇంటికాడ గీ పనే, బడిలగూడ గీ పనేనా?"

"మరేం చేద్దామే?"

"సరాయిల పిల్లలు గోనెసంచులు కప్పుకుంటున్నరు. నేను చూసిన. బొంతలు కుడదాం."

ఉపాయం నాది కాదు, ఆ పిల్లది. నేను వెళ్ళి పెద్దసారుకు చెప్పాను. ఆయన "అయ్యో" అన్నాడు. మరునాటి నుంచే మొదలుపెట్టాం.

బొంతలో పెద్ద విద్య ఏమీ లేదు. పాత చీరలు, ధోతులు నాలుగైదు ఒకదాని మీద ఒకటి పరిచి, అంచు నుంచి లోపలికి వరసలు వరసలుగా కుట్టుకుంటూ రావాలి. విద్య లేదు గానీ ఓపిక కావాలి. మొదటి రోజే రైతు ఇంటి పిల్లగాడు మల్లయ్య చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"మొగపిల్లలు సూది పడ్తరా?"

సత్తెమ్మ ఒంటికాలి మీద లేచింది. "దర్జీ ఆడోడా? మా బాపు దినాం పోగులు అతుకుతడు, ఆయన ఆడోడా? చెప్పు!"

పాపం మల్లయ్య సూది పట్టాడు. పట్టి ఎంత దీక్షగా కుట్టాడంటే, గంట కొట్టాక లేచి నిలబడితే బొంత కూడా వాడితోపాటే లేచింది. తన లాగు అంచును కూడా కలిపి కుట్టేసుకున్నాడు! బడంతా పడీ పడీ నవ్వింది. పోగు తెంపి వాడిని విడిపించేసరికి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వలేక.

ఇంకో పిల్లగాడు జరీ అంచున్న చీర తెచ్చాడు. ఎంత మంచి మనసురా అనుకుని పరిచి ఒక వరస కుట్టామో లేదో, వాళ్ళమ్మ పొలం నుంచి పరుగున వచ్చింది.

"ఓ పంతులమ్మా! నా పెండ్లి చీర! సందుగల పెట్టిన నా పెండ్లి చీర!"

"పాతదే గద అమ్మా. నీ పెండ్లి ఎప్పుడో అయింది గద," అన్నాడు వాడు అమాయకంగా. ఆమెకు కొట్టాలో నవ్వాలో తెలియలేదు. చీర తీసుకుని, బదులుగా రెండు ధోతులు ఇచ్చి పోయింది.

పెద్దసారు వచ్చి గుడ్డల కుప్పలో ఎర్రవన్నీ ఏరి పక్కకు పెట్టేవాడు. ఎర్రగుడ్డ ఎండకు ఆరేస్తే పటాలం వాళ్ళు దళాల జెండా అనుకుంటారని ఆయన భయం. ఒకరోజు ఆయన మూట ఒకటి చంకలో పెట్టుకుని, అటూ ఇటూ చూసి నా ముందు పడేశాడు. విప్పితే ఆయన నల్ల షేర్వానీ! పాత సర్కారు రోజుల్లో దర్జాగా వేసుకు తిరిగినది. ఇప్పుడది ఇంట్లో ఉండడమే ఆయనకు గుండెల్లో రాయి.

"దీన్ని లోపల ఎక్కడన్నా పెట్టి కుట్టేయండమ్మా. పైకి కనపడొద్దు."

కుట్టేశాం. అన్నిటికంటే వెచ్చని బొంత అదే అయింది. అయితే పిల్లలు బొత్తాలు తీయడం మరిచారు. దాని మీద పడుకున్న సరాయి తాత మరునాడు బడికి వచ్చి, అంగీ ఎత్తి వీపు చూపించాడు. వెన్నెముక పొడుగునా గుండ్రటి అచ్చులు!

బుచ్చమ్మ అవ్వ

సత్తెమ్మ నాయనమ్మ బుచ్చమ్మ. ఆ ఊళ్ళో ఆమె మాటంటే మాటే. ఆడవాళ్ళు ఆమె వంక చూసిగానీ ఏ పనీ చేయరు. మనవరాలు బొంతలు కుడుతున్నదని విని, చూద్దామని వచ్చి, ఇక రోజూ రావడం మొదలుపెట్టింది. పైట చెంగుకు సూది గుచ్చుకుని వచ్చేది.

"గివి కుట్లా? కోడి నడిచినట్టున్నయ్," అనేది. వంకర కుట్టు కనపడితే చాలు, పోగు లాగేసి మళ్ళీ కుట్టించేది. పిల్లలకు తలప్రాణం తోకకొచ్చేది. కానీ ఆమె రాని రోజున "అవ్వ ఏది?" అని వాళ్ళే అడిగేవాళ్ళు. ఆమెను చూసి ఊరి ఆడవాళ్ళు కూడా పాత చీరలు తెచ్చి ఇచ్చారు.

ఆమె చిన్న కొడుకును రజాకార్లు పట్టుకుపోయి చంపారు. ఆ సంగతి నాకు తెలుసు. ఆమె ఎన్నడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

రైతు కుటుంబాలకు ముందు కుట్టి ఇచ్చాం. తర్వాత బొంతలు ఎవరికని అవ్వ అడిగింది. సరాయిలో అవతలి మూల వాళ్ళకని చెప్పాను. ఆమె చేయి ఆగిపోయింది.

"తురకోళ్ళకా?"

"వాళ్ళు ఆడోళ్ళు, పిల్లలే అవ్వా. వాళ్ళు ఎవ్వలనీ సంపలేదు."

"నా కొడుకు గూడ ఎవ్వలనీ సంపలేదు పంతులమ్మా."

సూదిని పైట చెంగుకు గుచ్చుకుని లేచి వెళ్ళిపోయింది. నేను వెంట పడి ఏదేదో చెప్పాను. మనుషులంతా ఒకటే అని, ఇంకా ఏమేమో. కొత్త ఉద్యోగం, పుస్తకాల్లో చదివినవన్నీ నోటికొచ్చేవి. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. కడుపుకోతతో ఉన్న మనిషికి నీతులు చెప్పకండి. అది బోధన కాదు, ఒట్టి వాగుడు.

మరునాటి నుంచి పాత గుడ్డలు రావడం ఆగిపోయింది. ఇచ్చిన చీరలు కూడా కొందరు వెనక్కి పట్టుకుపోయారు. పెద్దసారు తల పట్టుకున్నాడు. "ఎందుకమ్మా మనకీ లొల్లి? ఆపేయండి."

ఈసారి "అయ్యో" నేను అన్నాను. పని మాత్రం ఆపలేదు.

కొత్త గుడ్డ

అవతలి మూలలో హలీమా అనే పిల్ల చూలాలు. పిల్ల అనే అంటాను, నాకంటే చిన్నది. మొగుడు జట్కా తోలేవాడట. గొడవల్లో విడిపోయారు, బతికి ఉన్నాడో లేడో తెలియదు. తోడుగా తల్లి ఖాసింబీ ఉంది. ఆ బిడ్డ పుట్టేలోగా ఒక్క బొంతన్నా ఇవ్వాలని మా పిల్లల పట్టుదల. గుడ్డలు లేకపోతే ఏమాయె అని సత్తెమ్మ వాళ్ళ బాపును పట్టుకుంది. ఆయన తన తల్లి బుచ్చమ్మకు తెలియకుండా, అప్పుడే మగ్గం మీది నుంచి కోసిన తెల్లని కొత్త గుడ్డ ఇచ్చాడు.

మగ్గాల ఇళ్ళ పిల్లలకు కొత్త గుడ్డను మించిన కానుక లేదు. పాత గుడ్డలతో కుట్టినప్పుడు ఎన్ని వంకరలు పోయారో, దీన్ని అంత తిన్నగా కుట్టారు. మల్లయ్య కూడా నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, ఒక వరస గీత గీసినట్టు కుట్టాడు. ఆఖరి ముడి వేసిన పొద్దునే కబురొచ్చింది. హలీమాకు నెలలు నిండకముందే ఆడపిల్ల పుట్టింది. గుప్పెడంత ఉందట.

అందరం బొంత పట్టుకుని సరాయికి పరుగెత్తాం. మంత్రసాని గుమ్మంలోనే చెప్పింది: "ఎచ్చగ ఉంచాలె. సల్లబడ్డదంటే దక్కది." గోనెసంచిలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది ఖాసింబీ. మేము బొంత ముందు పెడితే ఆమె ముఖం విప్పారింది. తడిమి చూసింది. అంతలోనే ముఖం మారిపోయింది.

"గిది కొత్తది గద బేటీ. కొత్త గుడ్డ మీద పసిబిడ్డను ఎయ్యం. మాలో లేదు. పిల్లలను సాదిన తల్లి కట్టి కట్టి ఇడిసిన పాత గుడ్డ గావాలె. నాయి అన్నీ ఊర్లనే పోయినయ్."

మాలో మాత్రం ఉందా ఏమిటి! పురుడు వెళ్ళేదాకా పసిబిడ్డకు పాతవే వేస్తారు, అది చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. పైగా గంజి పెట్టిన కొత్త గుడ్డ ఆ లేత ఒంటికి రంపంలా ఉంటుంది. ఇంతమందిమి ఇన్నాళ్ళు కుట్టి, ఒక్కరమూ ఆ ఆలోచన చేయలేదు. మంచి చేస్తున్నామన్న సంబరంలో ఎవరికి చేస్తున్నామో చూసుకోలేదు.

నేను నా గదికి పరుగెత్తి, కట్టి కట్టి మెత్తబడిన చీర ఒకటి తెచ్చాను. ఖాసింబీ దాన్ని తీసుకుంది. నా ముఖం చూసింది, బోసిగా ఉన్న నా నుదురు చూసింది. మెల్లగా మడిచి పక్కన పెట్టింది. భర్త లేని, పిల్లలు లేని దాని చీర. నాకు అర్థమైంది. ఆమె మీద కోపం రాలేదు, ఆ పద్ధతి మీద వచ్చింది. ఒళ్ళంతా మండింది. ఇప్పటికీ మండుతుంది.

అంతలో చూస్తే సత్తెమ్మ లేదు. ఎటు పోయిందో అనుకుంటుండగానే బయట నుంచి కేకలు వినిపించాయి.

"ఎవలే! పసిగుడ్డును కొత్త గుడ్డ మీద ఎవలు ఏసిండ్రే! మీకు సిగ్గున్నదా?"

బుచ్చమ్మ అవ్వ! వెనకాల సత్తెమ్మ రొప్పుతూ వస్తున్నది.

"ఏం చెప్పినవే?" అన్నాను చెవిలో.

"ఏం చెప్పలె. పసిపిల్లను కొత్త గుడ్డ మీద పండవెడ్తున్నం అని చెప్పిన. అంతే."

నా నీతులన్నీ కలిపినా ఆ పిల్ల చిటికెన వేలికి సాటి రావు.

అవ్వ లోపలికి వచ్చి ఖాసింబీ మీదికి పోయింది. "ముసలిదానివి, నీకన్న తెలివి లేదా?"

"నేనెందుకు ఏస్త అక్కా! మాలో లేదు!"

"మాలో ఉన్నదా మరి? మాలోగూడ లేదు!"

ఇద్దరూ ఒక్కసారి నా వైపు తిరిగారు. ఇక చూడండి. సంసారం చేసిందా, పిల్లలను కన్నదా, దీనికేం తెలుస్తది అని ఒకరు, చదువుకున్నోళ్ళంతా గింతే అని ఇంకొకరు. ఇద్దరూ కలిసి దులిపేశారు. అంత కమ్మటి తిట్లు నేను జన్మలో తినలేదు.

తిట్లు అయిపోయాక అవ్వ గోనెసంచిలోని బిడ్డను చూసింది. రైతు కుటుంబాల వాళ్ళు కూడా లేచి నిలబడి ఆమె వైపే చూస్తున్నారు. ఆమె వెనుదిరిగి పోతే ఆ ఊళ్ళో ఇక ఎవ్వరూ పాత గుడ్డ ఇవ్వరు. అది అక్కడున్న ప్రతివాళ్ళకూ తెలుసు.

"మీవోళ్ళు నా కొడుకును తీస్కపోయిండ్రు," అన్నది అవ్వ.

ఖాసింబీ తల వంచుకుంది. "నా అల్లుడు ఏమైండో నాకు తెల్వది అక్కా."

బిడ్డ పిల్లికూన లాగా సన్నగా మూలిగింది. అవ్వ కింద కూర్చుంది.

"జర జరుగు. సత్తీ, దండెం మీది నా పాత చీర పట్కరా, ఉరుకు." మళ్ళీ ఆమే తటపటాయించింది. "నా కడుపుల ఒకడు పోయిండు. నా చీర అచ్చొస్తదో, రాదో."

"ఎంతమందిని సాదినవ్ అక్కా?"

"ఐదుగురిని."

"గంతకన్న మంచి చీర ఏడ దొరుకుతది!"

చీర వచ్చింది. ఖాసింబీ తన తల మీది ఓణీ తీసి ఇచ్చింది. చిన్న బొంతకు పొరలు పరుస్తుంటే అవ్వ చూపు, పక్కన మడిచిపెట్టిన నా చీర మీద పడింది.

"గిదెవలది?"

అవ్వకు చెప్పనక్కరలేకపోయింది. నా వైపు ఒకసారి చూసి, చీరను దులిపి, రెండు పొరల నడుమ పరిచింది.

"నడుమ ఉంటే ఎచ్చగుంటది. పిల్లకు ఎచ్చదనం గావాలె గని, ఎవలదైతేంది."

ఖాసింబీ అంచు తానే సరిచేసింది. నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను, నాకేం సిగ్గు లేదు చెప్పడానికి. పిల్లలు నాలుగు వైపులా కూర్చుని కుట్టారు. తొందరలో కుట్లన్నీ వంకరలే. అవ్వ ఒక్కటి కూడా విప్పలేదు. "ఉండనీ, జల్ది గావాలె," అన్నది. ఎండ వాలేలోపే బిడ్డ దాంట్లో పడుకుంది. మరునాడు పొద్దున బడి అరుగు మీద పాత చీరల మూటలు ఉన్నాయి, ఎవరు పెట్టారో కూడా తెలియకుండా. పెద్దసారు వాటిని చూసి అలవాటు కొద్దీ "అయ్యో" అన్నాడు.

బిడ్డ పుట్టిన ఆ రోజు సరాయి నుంచి పోతూ అవ్వ మేము తెచ్చిన కొత్త బొంతను చుట్టి చంకన పెట్టుకుంది. పిల్లలు బిక్కముఖాలు వేశారు. నేను ఆగలేక అడిగాను.

"అదెందుకు అవ్వా?"

"ఉట్టిగ ఎందుకు పడుండాలె? నేను పండుకుంట. నా ఒళ్ళు తాకి తాకి పాతదైతది. అప్పుడిస్త."

ఆ చలికాలమంతా ఆమె దాని మీదే పడుకుంది. వారానికొకసారి ఉతికేది, బండ మీద బాదేది, గంజి వదిలేదాకా నలిపేది, మళ్ళీ పరుచుకుని పడుకునేది. ఎండలు ముదిరే వేళకు ఒకనాడు సరాయికి తెచ్చింది. తెల్ల గుడ్డ పాలమీగడలా మెత్తబడింది. హలీమా బిడ్డ అప్పటికి బొద్దుగా తయారై బోర్లాపడుతున్నది. అవ్వ బొంతను నాలుగు మడతలు వేసి పరిచి, బిడ్డను ఎత్తి దాని మీద పడుకోబెట్టింది.

"పండుకో బిడ్డా," అన్నది. "పాతదే. మనింటిదే."